ఎర్మెస్ మేస్త్రీ కర్ర

"నేను చెప్పేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమున్నా ఈ గ్లాసులో వైను ఇక్కడికిక్కడే పులిసిపోవాలి," అన్నాడు ఎర్మెస్ మేస్త్రీ, గ్లాసు ఎండకెత్తి చూపిస్తూ.

"పులిసిందే పోశాను, తాగు," అన్నాను.

అరుగు మీదున్న నలుగురూ నవ్వారు. ఈ బారు నాది. నా పేరు యోలె. మా ఆయన పోయాక ఎర్మెస్ కోతలు వింటూనే ఇన్నేళ్ళూ వైను అమ్ముకుంటున్నాను. కాబట్టి ఆయన్ని ఏమన్నా అంటే నేనే అనాలి, ఇంకొకళ్ళంటే ఊరుకోను.

మర్నాడు కొండ పందెం. కింద వంతెన దగ్గర్నుంచి పైన కనుమ దాకా పాత కార్లు ఒకదాని వెనక ఒకటి ఎక్కుతాయి. ముందు రోజు పొద్దున ప్రతివాడూ తన కారు తెచ్చి మా అరుగు ముందు ఆపాలి. ఎర్మెస్ తన అక్రోటు కర్ర ఒక కొస ఇంజను మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని వింటాడు. బాగుందనిపిస్తే ఆ కర్రతో బానెట్ మీద రెండు దెబ్బలు కొడతాడు. ఆ దెబ్బలు పడకుండా మా కొండ మీద ఎవడూ పందేనికి వెళ్ళడు. ఎర్మెస్ కంటే ముందు వాళ్ళ నాన్న కొట్టేవాడు. కర్ర కూడా అదే.

ఆ పొద్దున అందరికంటే ఆఖర్న వచ్చింది నివెస్. పాత ఎర్ర కారు, రెండే సీట్లు. అది వాళ్ళన్న ఇవానోది. కిందటేడు ఇదే పందెంలో గుడి మలుపు దగ్గర ఆ కారు లోయలోకి పోయింది, ఇవానో మళ్ళీ లేవలేదు. దూకుడుగా తిప్పాడు, వాడి పిచ్చే వాణ్ణి తినేసిందని ఊరంతా అనుకున్నాం. మిగిలిన ఇనుమంతా నివెస్ షెడ్డుకి లాక్కెళ్ళి, చలికాలం పొడుగునా కూర్చుని మళ్ళీ కారు చేసింది. ఇప్పుడు దాన్ని ఇంజను ఆపకుండానే అరుగు ముందు నిలబెట్టి దిగింది.

"మేస్త్రీ, కూత వస్తోంది," అంది ఆయన ఎదురుగా నిలబడి. "రేపు దీంట్లో పైకెక్కొచ్చో లేదో మీరు విని చెప్పండి. మీరు ఎలా అంటే అలా."

కూత వస్తూనే ఉంది. ఇంజను గురగుర మీద సన్నగా, పళ్ళు జివ్వుమనేట్టు, ఆగకుండా. అరుగు కింద పడుకున్న మా కుక్క లేచి లోపలికి పోయింది.

"కూర్చో అమ్మాయ్," అన్నాడు ఎర్మెస్. "కారెక్కడికీ పోదు. ముందు కూతంటే ఏమిటో తెలుసుకో."

ఆయన పద్ధతే అంత. చెవిలో గింగురుమంటున్నా పట్టనట్టు కూర్చుని ముందు కథ చెబుతాడు. పెద్ద చెయ్యి తిరిగినవాళ్ళ తీరు అదేననుకుని మేమూ కుర్చీలు దగ్గరికి జరుపుకున్నాం.

"అప్పటికి నాకు మీసం కూడా సరిగ్గా మొలవలేదు," అని మొదలెట్టాడు. "కింద పట్నంలో ఒక పళ్ళ డాక్టరు, ఆయనకి ఇలాంటిదే ఒక కారు. కుయ్యిమని కూత. మూడు గ్యారేజీలు తిప్పాడు. ఒకడు బెల్టు మార్చాడు, ఒకడు డైనమో మార్చాడు, ఇంకొకడు నీళ్ళ పంపు పీకి కొత్తది పెట్టాడు. కూత కూతలాగే ఉంది. నా దగ్గరికొచ్చాడు. నేను బానెట్ కూడా ఎత్తలేదు. డాక్టరుగారూ, న్యూట్రల్లో పెట్టి క్లచ్ తొక్కండి అన్నాను. తొక్కాడు, కూత ఆగింది. వదలండి అన్నాను. వదిలాడు, మొదలైంది. గేరుపెట్టె ముందు బేరింగండీ అన్నాను. విప్పి చూస్తే అదే. ఇంకొన్నాళ్ళు అలాగే తిప్పుంటే బిగుసుకుపోయేది. అది బిగుసుకుంటే ఏమవుతుందో తెలుసా? వెనక చక్రాలు తాడేసి కట్టినట్టు ఆగిపోతాయి. క్లచ్ తొక్కినా వదలవు. అది మలుపులో అయిందనుకో, ఇక ఫాదరుకి కబురు పెట్టుకోవడమే."

"పోయినసారి చెప్పినప్పుడు ఒక్క గ్యారేజీయే," అన్నాడు ఒరెస్తె. పోస్టుమాన్‌గా చేసి దిగిపోయాడు, ఎర్మెస్‌కి చిన్నప్పటి జతగాడు. ఎర్మెస్ నోరు తెరిస్తే పక్క వాయిద్యం ఈయనది.

"నీకు చెప్పేటప్పుడు తగ్గించి చెబుతాన్రా, నీ బుర్రకి పట్టాలి కదా."

డాక్టరు సంగతి నిజమే. మా అమ్మ పన్ను పీకింది ఆయనే, ఆ కారూ నాకు గుర్తుంది. ఎర్మెస్ కథలన్నీ నిజంలోనే మొదలవుతాయి, అక్కడే చిక్కు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నా చెవి పదునెక్కడం మొదలెట్టింది. కారు నా ముందుకి రానక్కర్లేకపోయింది. పొద్దున్నే మంచం మీద పడుకునుంటే, అవతలి కొండ మీద ఎవడో బండి స్టార్టు చేస్తాడు. నేను ఇక్కడ కళ్ళు మూసుకునే మా ఆవిడతో అనేవాణ్ణి, ఒసేయ్, ఎడమ వెనక చక్రం బేరింగు, తోలేవాడు అన్నం తినలేదు, పెళ్ళాంతో దెబ్బలాడి వస్తున్నాడు, రెండు రొట్టెలు ఎక్కువ కాల్చు అని. వాడు లోయ దిగి వాగు దాటి మా గుమ్మం ముందు ఆగేసరికి నా చేతిలో కొత్త బేరింగు, బల్ల మీద రొట్టె, పక్కనే వేయించిన పందికొవ్వు ముక్కలు. వాడు నోరు తెరవకముందే, ముందు తిను, తర్వాత ఏడు అనేవాణ్ణి."

"దెబ్బలాడినట్టు బేరింగు చెప్పిందా?" అన్నాను.

"గేరు మార్చడంలో తెలిసిపోతుంది యోలె. మొగుడూ పెళ్ళాల గొడవలు ముందు రెండో గేరులోనే బయటపడతాయి."

అందరూ మళ్ళీ నవ్వారు. నివెస్ నవ్వలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని ఎర్మెస్ మొహంలోకే చూస్తోంది. బయట కూత కొంచెం పెరిగినట్టనిపించింది, ఇంజను వేడెక్కి కాబోలు.

"మేస్త్రీ, ఒకసారి చూసేసి కథ చెప్పుకోవచ్చు కదా," అంది, తల కొంచెం పక్కకి తిప్పి.

ఆయన గ్లాసు దించి మీసం తుడుచుకున్నాడు.

"తర్వాత ఫోన్లు. దక్షిణాన ఒక దీవి నుంచి ఒక జమీందారు. మీ చెవి గురించి విన్నాం, మా కారు కూస్తోంది, ఇక్కడెవడికీ అంతుబట్టట్లేదు అన్నాడు. ఫోను బానెట్ మీద పెట్టండి అన్నాను. పెట్టాడు. మధ్యలో సముద్రం ఒకటి, దాని హోరు వేరే. దాన్ని పక్కకి తోసి విన్నాను. అయ్యా, బెల్టు బిగించే కప్పీలో ఒక గుండు లేదు, నిన్న సాయంత్రం మీ ద్రాక్షతోట గేటు దగ్గర జారిపడింది, పక్కన కుంటి కోడి ఉంటుంది చూడండి అన్నాను. పనివాణ్ణి పంపాడు. గుండు దొరికింది."

"కోడో?" అన్నాడు ఒరెస్తె.

"కోడిని అప్పటికే కోసేశారు. ఈకలు చూపించారట. ఆ లెక్కన నేను పొరబడినట్టు ఎవడూ అనలేదు."

ఒరెస్తె ఈసారి నవ్వడానికి నోరు తెరిచి, ఎందుకో కారు వైపు చూసి మూసేశాడు. నాకూ అప్పుడే మొదటిసారి గుచ్చుకున్నట్టయింది. ఎంతసేపని పట్టనట్టుంటాడు? ఈ పాటికి ఇంకెవరి కారైనా, ఆపవయ్యా బాబూ, చెవులు పోతున్నాయి అని కసిరేవాడు. పూర్వం చెంచా కింద పడ్డా విసుక్కునే మనిషి.

"ఇవన్నీ ఒక ఎత్తు," అన్నాడు ఎర్మెస్, గొంతు తగ్గించి. "మాజీ మేయరు పోయిన రోజు ఒక ఎత్తు. శవాన్ని పెట్టుకుని బండి వాలు ఎక్కుతోంది. వెనక ఊరంతా. ఫాదరు ముందు. నేను నల్లకోటేసుకుని నడుస్తున్నాను. బండి వెనక ఇరుసులో కూత. ఆగండి అన్నాను. ఫాదరు నా మీద కేకలేశాడు. ఈ బండి కొండ పైదాకా వెళ్ళదు, వెనక్కి జారి అందరినీ నలుపుతుంది, ఒక్క శవంతో పోయేదానికి పాతిక శవాలు చేస్తారా అన్నాను. ఆగింది. నల్లకోటుతోనే కిందకి దూరాను. మేయరు పెళ్ళాం ఏడుస్తోంది. అమ్మా, కాసేపు ఆపు, నీ ఏడుపూ బేరింగు కూతా ఒకటే శ్రుతి, నాకు తేడా తెలియట్లేదన్నాను. ఆపింది పాపం. అయినా తేలలేదు, కుడా ఎడమా అని. ఆ తర్వాత ఏం చేశానో తెలుసా? కిందనుంచి శవపెట్టె మీద తట్టి, మేయరుగారూ, మీ వీపుకే కదా తెలిసేది, ఏ వైపు అదురుతోందో చెప్పండి అన్నాను."

"చెప్పాడా?" అన్నాడు ఒరెస్తె. మాట గట్టిగా రాలేదు.

"ఆ?"

"చెప్పాడా అంటున్నాను," అని అరిచాడు ఒరెస్తె.

"ఎడమవైపు రెండు దెబ్బలు కొట్టాడు లోపల్నుంచి. సరిగ్గా ఎడమే. బేరింగు మార్చాను, బండి కదిలింది, ఆయన్ని పూడ్చాం. బతికుండగా ఆ మనిషి చెప్పిన నిజం ఒక్కటీ లేదు, అదే మొదటిది."

ఇది ఎప్పుడు చెప్పినా అరుగు దద్దరిల్లేది. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. నలుగురి చెవులూ కారు దగ్గరే ఉన్నాయి. ఆయనకది కథ మహిమ అనిపించినట్టుంది, ఇంకా ముందుకి వంగాడు.

"అప్పట్నుంచీ నాకు పోయినవాళ్ళు కూడా వినపడతారు. నమ్మరు గాని చెబుతున్నాను. సమాధుల తోటలో నడుస్తుంటే కిందనుంచి ఇంజన్లు వినపడతాయి. ఈ కొండ మీద పోయిన ప్రతివాడూ ఇంకా తన మలుపు తిప్పుకుంటూనే ఉంటాడు. ఎవడు ఏ గేరులో పోయాడో చెప్పగలను. రాబోయే కూతలు కూడా వింటాను. ఇంకా అరగని బేరింగు, ఫలానా నెలలో అరుగుతానని నాతో ముందే చెబుతుంది." ఒక్క గుక్క తాగాడు. "ఈ అమ్మాయి ముందు చెప్పకూడదనుకున్నాను. కాని ఉంది కాబట్టే చెప్పాలి. కిందటేడు ఇవానో కారూ విన్నాను నేను. ఇదే చోట. ఏమీ లేదు దాంట్లో. పట్టుగుడ్డ జారినట్టుంది. దాంట్లో కూతుంటే నాకు వినపడకుండా పోతుందా? కూత కారులో లేదు, వాడిలో ఉంది. ఆ వేగం పిచ్చి, అదీ కూసింది. రెండు దెబ్బలు కొడుతుంటే నాకది కూడా వినిపించింది. వీడు గుడి మలుపు దాటడు అనుకున్నాను. కాని మనిషికి బేరింగు మార్చడం నాకు రాదు."

"తెలిసీ కొట్టావా?" అన్నాడు ఒరెస్తె. ఈసారి చెవి దగ్గరికి వంగి అడిగాడు.

"కారు బాగుంది. కొట్టాను. నేను కారు సంగతి చెబుతాను గాని మనిషి సంగతి చెప్పను."

అది కోత అని మాకు తెలుసు. కాని ఆ కోత వెనక ఇంకేముందో అప్పుడే ఒక్కొక్కరికీ తెలుస్తోంది. రెండేళ్ళుగా నేను గల్లాపెట్టె దగ్గర్నుంచి పిలిస్తే ఆయన పలకడం మానేశాడు. పొగరనుకున్నాను. గ్లాసు పెట్టేటప్పుడు భుజం తట్టడం అలవాటు చేసుకున్నాను. గుడి గంట చిన్నది మోగినా తలెత్తడు, పెద్దదానికే ఎత్తుతాడు. అన్నీ చూశాను, ఒక్కటీ కలుపుకోలేదు. కలుపుకోవాలనిపించలేదు కూడా. ఆయన కథలుంటేనే నా అరుగు నిండేది.

నివెస్ లేచింది. "కథ అయిపోయింది కదా మేస్త్రీ. కారు వినండి."

వెళ్ళి సీట్లో కూర్చుంది. ఎర్మెస్ కర్ర తీసుకుని ఠీవిగా మెట్లు దిగాడు. బానెట్ ఎత్తి, ఇంజనూ గేరుపెట్టే కలిసే చోటికి కర్ర దింపి, చెవికి ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. అరుగు మీద అందరం లేచి నిలబడ్డాం. నివెస్ క్లచ్ తొక్కింది. కూత ఠక్కున ఆగింది. వదిలింది. కుయ్యిమని మొదలైంది. మళ్ళీ తొక్కింది, మళ్ళీ వదిలింది. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. గురగుర మాత్రం వింటున్నట్టు హాయిగా తలూపుతున్నాడు.

"భేషుగ్గా ఉంది," అన్నాడు కళ్ళు తెరిచి. "ఏ కూతా లేదు. నీ చేత్తో చేసిన బండి కదా, నీకు గుబులు. అన్న పోయిన కారాయె. రేపు నిశ్చింతగా ఎక్కు."

బానెట్ మూసి కర్ర పైకెత్తాడు. నివెస్ ఇంజను ఆపకుండానే దిగి వచ్చి, సరిగ్గా దెబ్బ పడే చోట తన అరచెయ్యి పరిచింది.

"చెయ్యి తియ్యి అమ్మాయ్."

"కూస్తోంది మేస్త్రీ," అంది. ఆయనకి మొహం కనపడేట్టు నిలబడి, ఒక్కో మాటా విడమరిచి. "పొద్దున వచ్చినప్పట్నుంచీ కూస్తోంది. మీరు కథ చెప్పినంతసేపూ కూస్తూనే ఉంది."

ఎర్మెస్ నవ్వి మా వైపు తిరిగాడు, మేమూ నవ్వుతామని. "వింటున్నార్రా ఈ పిల్ల మాట?"

ఒరెస్తె కర్ర పట్టుకున్న ఆయన చెయ్యి మెల్లగా కిందకి దించాడు. "కూస్తోందిరా," అన్నాడు చెవిలో. "మాకందరికీ వినపడుతోంది."

"అందరూ కూడబలుక్కున్నారు," అన్నాడు ఎర్మెస్. "యోలె, నువ్వు చెప్పు. నువ్వు నా దగ్గర అబద్ధం చెప్పవు."

"కూస్తోంది ఎర్మెస్," అన్నాను. "కుక్క కూడా ఉండలేక లోపలికి పోయింది."

ఆయన కర్ర చూసుకున్నాడు, ఎక్కడైనా పగిలిందేమో అన్నట్టు.

"కిందటేడు ఇదే అరుగు ముందు నేను ఇవానో పక్క సీట్లో ఉన్నాను," అంది నివెస్. కోపం లేదు గొంతులో, కోపముంటేనే బాగుండేది. "కూస్తోంది అన్నాను. మీరు కర్ర పెట్టి లేదన్నారు. వాడు నా చెవి నమ్మలేదు, మీ కర్ర నమ్మాడు. చివరికి నేనూ నా చెవి నమ్మలేదు. చలికాలంలో గేరుపెట్టె విప్పితే ముందు బేరింగు నల్లగా కాలి అతుక్కుపోయుంది. అందరికీ చూపించాను. పడ్డప్పుడు విరిగుంటుంది, మేస్త్రీ విన్న కారులో కూతెలా ఉంటుంది అన్నారు. అందుకని అలాంటిదే అరిగిన బేరింగు ఒకటి వెతికి, నేనే దీంట్లో వేశాను. ఆ రోజు కూసినట్టే కూస్తోంది. నేను రేపు ఎక్కట్లేదు. మీకు వినపడుతుందో లేదో తెలుసుకోవడానికి తెచ్చాను. ఊళ్ళో నలుగురూ ఉండగా."

ఆ బేరింగు షెడ్డులో నేనూ చూశాను. ఆ మాట అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఎర్మెస్ మొహం చూడలేక ఆ పిల్ల మొహం చూశాను, అదీ చూడలేకపోయాను.

ఎర్మెస్ తానే మళ్ళీ బానెట్ ఎత్తాడు. కర్ర దింపి, చెవికి గట్టిగా అదుముకున్నాడు.

"తొక్కు," అన్నాడు.

నివెస్ సీట్లో కూర్చుని క్లచ్ తొక్కింది.

"ఇప్పుడు?" అని మమ్మల్ని అడిగాడు.

"లేదు," అన్నాడు ఒరెస్తె, తల అడ్డంగా ఊపి చూపిస్తూ.

"వదులు. ఇప్పుడు?"

"ఉంది."

కర్ర రెండో చెవికి మార్చుకున్నాడు. చెవి ఎర్రగా కమిలిపోయింది. "ఇప్పుడు? ఇప్పుడు కూస్తోందా?"

నివెస్ తాళం తిప్పి ఇంజను ఆపేసింది. దిగి వచ్చి, ఆయన చేతిలోంచి కర్ర మెల్లగా తీసుకుంది.

"ఇవానో కూడా మిమ్మల్ని ఇలాగే అడిగాడు మేస్త్రీ," అంది. "కూస్తోందా అని."